వాగు ఒడ్డు కోత: ముందు కొలుద్దాం, తర్వాత అడుగు నుంచి ఆపుదాం

నమస్కారం అండీ. ప్రకాశం జిల్లా మల్లవరం రిజర్వాయరుకు ఎగువన, గుండ్లకమ్మ నదిలో కలిసే ఒక వాగు ఒడ్డున ఉన్నాం. ఈ పక్క కయ్య, ఆ పక్క నిట్టనిలువుగా తెగిన ఒడ్డు. వాన పడ్డ మర్నాడు వాగు చిక్కగా పారితే పొలాల మట్టి కొట్టుకొచ్చిందనుకుంటాం. అందులో ఒడ్డు మట్టి ఎంతుందో కొలిస్తేగానీ తెలీదు.

దగ్గరికి రండి. నీళ్లు తగిలే చోట ఒడ్డును లోపలికి తొలిచేసింది, పైన గడ్డి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. అంచుకు రెండడుగుల లోపల, అంచు వెంబడే, వేలు దూరేంత నెర్రె ఉంది చూశారా? ఈ పెళ్ల పడటానికి సిద్ధంగా ఉంది. నెర్రెకు వాగు వైపు మాత్రం నిలబడొద్దు.

వరద ఉరవడిలోనే ఒడ్డు పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వరద తగ్గినాక పడేది కూడా చాలా ఉంటుంది. మట్టి నాని బరువెక్కి ఉంటుంది, అప్పటిదాకా దానికి ఆనిక ఇచ్చిన నీళ్లు గబగబా దిగిపోతాయి, పెళ్ల జారుతుంది. నల్లరేగడిలో వేసవి నెర్రెల గుండా నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి కాబట్టి ఇంకా జాగ్రత్త.

ఇక కొలత. 10 మిల్లీమీటర్ల ఇనప కమ్మిని మీటరు ముక్కలుగా కోయించండి. ఒడ్డు ముఖంలోకి అడ్డంగా దిగగొట్టి, 10 సెంటీమీటర్లు బయట ఉంచి, కొనకు రంగు పూయండి. పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి. ప్రతి 10 మీటర్లకు ఇలా మూడేసి. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి సెప్టెంబరులో కొట్టి జనవరిలో చూడాలి. కమ్మి 40 సెంటీమీటర్లు బయటికి కనిపిస్తే 30 సెంటీమీటర్లు కోసిందన్నమాట. అసలు కమ్మే కనిపించకపోతే? మేట కప్పి ఉండొచ్చు, పెళ్లతో పాటు పోయి ఉండొచ్చు. అందుకే అంచు నుంచి పొలం వైపు 5 మీటర్ల దూరంలో గట్టు మీద ఒక రాయి పాతి, అక్కడి నుంచి అంచుకు టేపు పట్టి ముందే రాసుకోండి.

లెక్క చూద్దాం. 100 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల కోత అనుకుంటే 60 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.4 టన్నుల చొప్పున 84 టన్నుల మట్టి. టన్నుకు అర కిలో భాస్వరం ఉందనుకుంటే 42 కిలోలు. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అంటే నాలుగు బస్తాలకు పైగా వాగులో పడినట్టే! అదంతా వెంటనే కరగదు, మట్టిని అంటుకునే పోయి చెరువు అడుగున చేరుతుంది, అక్కడ కొంచెం కొంచెంగా విడుదలై పాచికీ గుర్రపుడెక్కకీ మేతవుతుంది. మట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు 'మొత్తం భాస్వరం' కావాలని గట్టిగా చెప్పండి. మామూలు రిపోర్టులో వచ్చేది పంటకు అందే భాస్వరమే, దానితో ఈ లెక్క తప్పుతుంది.

మరమ్మతు అడుగు నుంచే మొదలు. వాగు మీ సొంతం కాదు, కాబట్టి యంత్రం దించేముందు తహసీల్దారు కార్యాలయంలో, జలవనరుల శాఖలో అడగండి. తర్వాత ఒడ్డు మొదట్లో వాగు అడుగు మట్టం కన్నా అర మీటరు లోతుగా కందకం తీసి, అడుగున కంకర పరిచి, పైన 20, 30 కిలోల రాళ్లు పేర్చండి. కంకర మానేస్తే రాళ్ల సందుల్లోంచి మట్టి జారిపోయి వరస కుంగుతుంది. రాళ్ల వరస రెండు కొసలూ ఒడ్డులోకి మీటరున్నర దూరాలి, లేదంటే నీళ్లు వెనక నుంచి దూరి మొత్తం ఊడదీస్తాయి.

పైభాగాన్ని ఒక వంతు ఎత్తుకు రెండు వంతుల అడ్డం వచ్చే వాలుగా చదును చేసి, కొబ్బరి పీచు వల పరిచి మేకులు కొట్టండి. వాలుకు అడ్డంగా, మీటరుకొక వరస చొప్పున వట్టివేరు పిలకలు నాటాలి, పిలకకూ పిలకకూ జానెడు కన్నా తక్కువే దూరం. ఆకు 20 సెంటీమీటర్లకు కత్తిరించండి. జులైలోనే నాటి, వాన లేనప్పుడు నీళ్లు పోయండి. అక్టోబరు నాటికి వేరు దిగి ఉండాలి. నిలువు ముఖం మీద నాటితే మాత్రం మొక్క పెళ్లతో సహా పోతుంది.

అంచు నుంచి 5 మీటర్లు దున్నకండి, ఎరువు చల్లకండి. గొడ్లు నీళ్లకు దిగడానికి ఒక్కచోటే రాళ్లు పరిచిన దారి వదిలి మిగతాచోట కంప వేయండి. మొదటి వరద తగ్గగానే చచ్చిన పిలకల చోట కొత్తవి పెట్టండి, వరసలో ఒక్క ఖాళీ ఉన్నా నీళ్లన్నీ అందులోంచే దారి చేసుకుంటాయి.