పానాకు లొంగని బండి

(విజయనగరంలో లారీ ఓనర్లు, డ్రైవర్లు, మెకానిక్కులు కలిసి జరుపుకున్న ఆయుధపూజ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఓనర్లకు, డ్రైవర్లకు, క్లీనరు తమ్ముళ్ళకు, గ్యారేజీలకు తాళాలు వేసి వచ్చిన మేస్త్రీలకు నమస్కారం. పైడితల్లమ్మ అందరి బళ్ళనూ చల్లగా చూడాలి. నిమ్మకాయలు తొక్కించాల్సిన బళ్ళు బయట వరసలో ఉన్నాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

"తాత టాటా, తండ్రి టాటా, వీడు పోయి వేరే కంపెనీ బండి కొన్నాడు" అని కుర్రాళ్ళను తప్పుపడుతున్నారు. కొత్త మోడల్ మొహం నచ్చక వెళ్ళిపోతున్నారనీ అంటున్నారు. అది నిజం కాదండీ. 2016లో టాటా సిగ్నా క్యాబిన్ వచ్చింది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది. మొహం మారిందని నాలుగు రోజులు గొణుగుతారు, సీటు సుఖంగా ఉంటే మర్చిపోతారు. తెలిసిన పానాకు బండి లొంగనప్పుడే అభిమానం సడలుతుంది.

పాత లారీ డీజిలు అయిపోయి ఆగిందనుకోండి. డీజిలు పోసి, ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగాక బిగించేవారు. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవారు. కొత్త బళ్ళలోని కామన్ రైల్ ఇంజనులో, అంటే డీజిలును ఒకే పైపులో భారీ ప్రెషరుతో నిలవ ఉంచే ఇంజనులో, ఆ నట్ల జోలికి పోకండి. మేస్త్రీలూ, మళ్ళీ చెబుతున్నాను, ఇంజను తిరుగుతుండగా ఆ నట్టు మీద పానా పెట్టకండి! లోపల ప్రెషరు వెయ్యి బార్లు దాటుతుంది. కంటికి కనబడని ధార చర్మంలోకి దూరితే, చిన్న సూదిపోటే అనిపించినా, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక యూరియా. 2017లో బీఎస్-4 అనే పొగ కాలుష్య నిబంధన దేశమంతటా వచ్చినప్పుడు టాటా పెద్ద బళ్ళకు, పొగలోని విషవాయువును తగ్గించే యూరియా ద్రవం పోసే ట్యాంకు వచ్చింది. లేలాండ్ ఐఈజీఆర్ అని, పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకే పంపే పద్ధతిని ఆ ట్యాంకు లేకుండా తెచ్చింది. ట్యాంకు గొడవ వద్దనుకుని అటు మళ్ళినవాళ్ళున్నారు. మూడేళ్ళు తిరిగేసరికి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో లేలాండ్ పెద్ద బళ్ళకూ యూరియా ట్యాంకు వచ్చింది. ఇప్పుడు ఎటు మళ్ళుతారు?

ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాది లవణాలు తీసేసిన నీళ్ళు. ఖర్చు తగ్గుతుందని ఎరువుల కొట్లో బస్తా తెచ్చి బోరు నీళ్ళలో కలపకండి బాబూ. పొలానికి వేసే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బోరు నీళ్ళలో సున్నం ఉంటుంది. ఈ రెండూ కలిసి ఫిల్టరునీ నాజిల్‌నీ పూడ్చేస్తాయి, సైలెన్సర్‌లోని క్యాటలిస్టును పాడుచేస్తాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, పవరు తగ్గిపోతుంది. సాలూరు దాటాక సుంకి ఘాటులో లోడు మీద పవరు తగ్గితే ఏమవుతుందో ఇక్కడ కూర్చున్న డ్రైవర్లకు నేను చెప్పాలా?

బీఎస్-6లో మసి ఫిల్టరు కూడా ఉంది. బండి నిలబెట్టి మసి కాల్చేటప్పుడు సైలెన్సర్ నిప్పుకణికలా ఉంటుంది. కళ్ళం దగ్గర, గడ్డి మీద బండి పెట్టి ఆ పని చేయకండి. బాడీ కట్టేవాళ్ళకు ఒక మాట: ఛాసిస్ మీద వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ వైర్లు, ఈసీఎం (ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టె) కనెక్టర్లు పీకండి. ఎర్త్ క్లాంపు వెల్డింగు పెట్టేచోటుకు దగ్గరగా తగిలించండి.

ఇప్పుడు నా అసలు బాధ. దీపం వెలిగితే లోపం ఏదో చెప్పే కోడ్ చదివే స్కానరు షోరూంలోనే ఎందుకుండాలి? సెన్సరు వైరు ఊడినా, నాజిల్ పూడినా బండిని అక్కడికే లాక్కెళ్ళాలి. ఆ రోజు కిరాయి పోయినట్టే. కంపెనీలకు అభిమానం కట్టబెట్టింది హైవే పక్కన రేకుల షెడ్డులోని మేస్త్రీ. "ఈ ఇంజను నాకు తెలుసు, తీసుకో" అన్న ఆయన మాట మీదే బళ్ళు కొన్నారు. ఆయన చేతికి స్కానరు ఇవ్వండి, కోడ్ల అర్థాలు తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. ఓనర్లూ, కొత్త బండి బేరమాడేటప్పుడు డిస్కౌంటు సరే, మన మేస్త్రీకి ట్రైనింగు ఇస్తారా అని కూడా అడగండి. పదిమంది అడిగితే డీలరు వినక తప్పదు.

పూజయ్యాక వేపచెట్టు కింద ఒక బీఎస్-6 బండి యూరియా నాజిల్ విప్పి పెడతాం. మొనకు ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకొద్దు, గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే కరిగిపోతుంది. మేస్త్రీలు ముందు వరసలోకి రండి.