ఏ రూటుకి ఏ బండి

అందరికీ నమస్కారం. మాస్టారు నన్ను పరిచయం చేస్తూ విమానాల నిపుణుడు అనేశారు, అది బాగా ఎక్కువైపోయిందండి, నేను పైలట్‌ని కాను, ఇంజనీర్‌ని కాను, నాది కంటోన్మెంట్లో మోటార్ వైండింగ్ షాపు. మా ఇంట్లో వాళ్ళు మటుకు వీడికి విమానాల పిచ్చి అంటారు, అదీ కరెక్ట్ మాట. పద్దెనిమిదేళ్ళ నుంచి కనపడ్డ విమానం నంబరల్లా నోటు పుస్తకంలో ఎక్కించుకుంటున్నాను, ఇప్పుడు ఆరో పుస్తకం నడుస్తోంది.

విజయనగరంలో కూర్చుని ఈ పిచ్చి ఎలా పట్టిందయ్యా అని అడుగుతారు. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరు. నన్ను చిన్నప్పుడు కాంప్లెక్స్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టేవారు, బోర్డులు చదువుకోరా అని కాదు, బండి చూడరా అని. "ఒక ఊరికి డిపో ఏ బండి ఏసిందో సూడు, ఆ ఊరి పరపతేటో తెలిసిపోద్ది" అనేవారు. హైదరాబాదుకి సూపర్ లగ్జరీ, పాలకొండకి ఎక్స్‌ప్రెస్, లోపలి ఊళ్ళకి పల్లెవెలుగు, అదీ అద్దాలు గడగడలాడే పాత బండి. ఈ సాయంత్రం నేను చెప్పేది మొత్తం ఈ ఒక్క ముక్కేనండి, బస్సు తీసేసి విమానం పెట్టుకోవడమే.

ముందు మేడ మీద సంగతి చెప్తాను. ఎండాకాలం మా అమ్మ వడియాలు పెడితే కాకులు రాకుండా కాపలా నాది, పైకి చూస్తే తెల్ల గీతలు. రాకెట్లు పోతున్నాయిరా అనేవాళ్ళం. రాకెట్టూ కాదు పొగా కాదు. ఒక కేజీ కిరోసిన్ మండితే కేజీంపావు దాకా నీటి ఆవిరి వస్తుంది, విమానంలో వాడేదీ ఓ రకం కిరోసినే కదా, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో చలి మైనస్ 50 దాకా ఉంటుంది, ఆ ఆవిరి అక్కడికక్కడే మంచు నలుసులైపోతుంది, అదే గీత. పైన గాలి పొడిగా ఉంటే గీత విమానం వెనకాలే మాయమైపోతుంది, తేమ ఉంటే మాత్రం అరగంటైనా పోదు, దూది ఏకినట్టు పరుచుకుంటుంది. మా అమ్మకి ఈ లెక్కలేవీ తెలీదు గానీ "గీత సెదరలేదురా, వడియాలు తీసెయ్" అనేది. ప్రతిసారీ వాన పడిందని చెప్పను, మా అమ్మ మీద గౌరవం కొద్దీ సగం సార్లు పడింది అంటాను.

సరే బండి దగ్గరికి వద్దాం. మన దేశంలో ఎక్కువగా కనపడేది ఎయిర్‌బస్ ఏ320 నియో, ఇండిగో వాళ్ళు అందులో 180 సీట్లో 186 సీట్లో పెడతారు. దానికి అన్నయ్య ఏ321 నియో, పొడవెక్కువ, 222 నుంచి 232 దాకా. చిన్నోడు ఏటీఆర్ 72, రెక్కలు నెత్తి మీద ఉంటాయి, రెండు పంకాలు, 78 సీట్లు. ఏ320 గంటకి 830 కిలోమీటర్లు పోతే ఏటీఆర్ 500 చిల్లర. మరి స్పీడుగా పోయేదే అన్ని ఊళ్ళకీ వెయ్యొచ్చు కదా అంటే, వెయ్యరు. పెద్ద బండి నిండితే సీటుకి పడే ఖర్చు తక్కువ, కానీ ట్రిప్పుకి అయ్యే ఖర్చు ఎక్కువ, నిండకపోతే ఆ ఖర్చంతా ఎక్కిన నలుగురి మీదా పడాలి. మా నాన్నగారి భాషలో చెప్పాలంటే ముప్పై మంది కోసం గరుడ తియ్యరు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. ఆ 78 అనే అంకె చూడండి. మన దేశంలో ఎయిర్‌పోర్టులో దిగిన ప్రతి విమానమూ ల్యాండింగ్ ఛార్జీ కట్టాలి, కానీ దేశం లోపల షెడ్యూలు ప్రకారం తిరిగే విమానానికి 80 కంటే తక్కువ సీట్లుంటే ఆ ఛార్జీ మాఫీ. పైగా యాభై సీట్లకి ఒక క్యాబిన్ క్రూ ఉండాలని రూలు, అంటే 78కి ఇద్దరు సరిపోతారు, 186కి నలుగురు కావాలి. ఇండిగో 2017 చివర్లో ఏటీఆర్లు మొదలెట్టినప్పుడు నేను ఆ పంకాల్నీ రెక్కల్నీ చూసి మురిసిపోయాను గానీ, అసలు తెలివంతా సీట్ల లెక్కలో ఉందని రెండేళ్ళకి గానీ బుర్రకెక్కలేదు. స్పైస్‌జెట్ వాళ్ళు తమ పంకాల విమానం క్యూ400లో కూడా మొదట్లో 78 సీట్లే పెట్టారు, ఇప్పుడెందుకో మీకే అర్థమైపోతుంది.

ఇంకోటి, ఆర్టీసీకి నష్టాల రూటులు ఉన్నట్టే వీళ్ళకీ ఉంటాయి. 1994లో ఒక రూలు పెట్టారు, ఢిల్లీ ముంబై లాంటి పెద్ద రూటుల్ని కేటగిరీ ఒకటి అన్నారు, అక్కడ ఎన్ని సీట్లు తిప్పుతారో దాంట్లో పది శాతమైనా ఈశాన్యం, కశ్మీరు, అండమాన్, లక్షద్వీప్ వైపు తిప్పాలి, యాభై శాతం మిగతా రూటుల్లో తిప్పాలి అన్నారు. తర్వాత 2016లో చిన్న ఊళ్ళకి విమానాలు వెయ్యడానికి ఉడాన్ పథకం వచ్చింది, అప్పుడు విమానయాన మంత్రి మన విజయనగరం కోట రాజుగారు అశోక్ గజపతిరాజు గారు, 2024 నుంచి ఆ కుర్చీలో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. పదేళ్ళలో పక్కపక్క జిల్లాల నుంచి ఇద్దరు విమానయాన మంత్రులు, వాళ్ళు ఆ కుర్చీ ఎక్కేనాటికి రెండు జిల్లాల్లోనూ ఒక్క ప్రయాణికుల విమానం దిగే చోటు లేకుండా! నవ్వకండి, నిజమే కదా.

నేను మొదట ఎక్కింది వైజాగ్‌లో ఏటీఆరే. బస్సు అలవాటు కదా, ముందు నుంచి ఎక్కుదామని పోతే ఒకమ్మాయి వెనక్కి చూపించింది, ఏటీఆర్‌కి జనం ఎక్కేది తోక దగ్గర, సామాను ముందు భాగంలో. అప్పుడు చూశాను, ఎడమ ఇంజను ఆగిపోయి ఉంది, కుడి ఇంజను గుయ్‌మని తిరుగుతోంది, కానీ దాని పంకా మటుకు కదలట్లేదు. మోటార్లు బాగుచేసేవాడిని, మెట్టు మీద కాలు పెట్టి అలాగే నిలబడిపోయాను, వెనకాలాయన "ఎక్కండి బాబూ" అని తోసేదాకా. ఇంజను తిరుగుతుంటే పంకా ఎలా ఆగింది? దానికో బ్రేకు ఉందన్నమాట. పంకాని బ్రేకు పట్టుకుంటుంది, ఇంజను మాత్రం తిరుగుతూ కరెంటూ ఏసీ ఇస్తుంది, హోటల్ మోడ్ అంటారు. పెద్ద విమానాల్లో ఈ పనికి తోకలో వేరే చిన్న ఇంజను ఉంటుంది, ఏటీఆర్‌లో ఆ బరువు మిగుల్చుకున్నారు.

గేరు మాట కూడా చెప్పేస్తాను. మామూలు జెట్ ఇంజన్లో ముందున్న ఫ్యానూ దాన్ని తిప్పే వెనక టర్బైనూ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి, టర్బైన్‌కి జోరుగా తిరగాలని ఉంటుంది, అంత పెద్ద ఫ్యాన్‌కి నెమ్మదిగా తిరగాలని ఉంటుంది, మొగుడూ పెళ్ళాం ఒకే సైకిల్ మీద చెరో స్పీడు అన్నట్టు. ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళు ఏ320 నియోకి చేసిన ఇంజన్లో మధ్యలో గేర్‌బాక్స్ పెట్టారు, టర్బైన్ మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు. ఇంధనం బాగా మిగులుతుంది. దిగేటప్పుడు, నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ ఇంజను ఒక మూలుగు మూలుగుతుంది, తిమింగలం అరుపు అంటారు మావాళ్ళు, నాకైతే తిరగలి మీద తడి పప్పు పడ్డట్టు వినిపిస్తుంది. అదే విమానానికి సీఎఫ్‌ఎం అనే ఇంకో కంపెనీ లీప్ ఇంజను ఉంటే ఆ మూలుగు ఉండదు, కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు.

ఆ మూలిగే ఇంజన్లతోనే తిప్పలొచ్చాయి. గో ఫస్ట్ సంస్థ తన విమానాల్లో సగం దాకా ఇంజన్లు లేక నిలబడిపోయాయని ప్రాట్‌ని తప్పుపట్టి 2023 మే 3న విమానాలు ఆపేసింది, మళ్ళీ ఎగరలేదు. మన జిల్లాలోనే భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టుకి జగన్ గారు శంకుస్థాపన చేసింది కూడా సరిగ్గా అదే రోజండి, 2019లో చంద్రబాబు గారు ఒకసారి చేశారు, ఇది రెండోది. నా నోటు పుస్తకంలో ఆ తేదీకి రెండు వరుసలున్నాయి, ఒకదాని మీద గీత కొట్టి, ఒకటి కొత్తగా రాసి. ఆ జూలైలో ఇంజను డిస్కుల్లో వాడిన లోహపు పొడిలోనే దోషం ఉందని తేలింది, ఇండిగోవి డజన్లకొద్దీ విమానాలు నేల మీద ఉండిపోయాయి. బళ్ళు చాలకపోతే ఆర్టీసీ ఏం చేస్తుంది, అద్దె బస్సులు పెట్టుకుంటుంది, వీళ్ళూ అంతే. ఇండిగో పేరు మీద ఇస్తాంబుల్ పోయే పెద్ద బోయింగ్ 777కి, మన దేశపు విమానాల నంబరు ముందుండే వీటీ అని కాకుండా టీసీ అని టర్కీ నంబరుండేది.

వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీ అని, బానిసత్వపు గుర్తు అని వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరుగుతుంది. అది కట్టుకథ. రేడియో కాల్ సైన్లు పంచినప్పుడు బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న దేశాలకి వీ అక్షరం వాటాలు పడ్డాయి, మనకి వీటీ నుంచి వీడబ్ల్యూ దాకా, ఆస్ట్రేలియాకి వీహెచ్, బెర్ముడా కేమన్ దీవులకి వీపీ. ఆస్ట్రేలియా వాళ్ళ వీహెచ్‌లో ఏ వైస్రాయ్ ఉన్నాడు చెప్పండి. వీటీ తర్వాత మూడక్షరాలు చూడాలి, ఇండిగోవి ఐతో మొదలవుతాయి, ఆకాశ ఎయిర్ వాళ్ళవి వైతో, 2022 ఆగస్టులో మొదలైన వాళ్ళ మొదటి విమానం వీటీ-వైఏఏ. ఇది నంబర్ ప్లేటు లాంటిది, ఓనరు మారితే మారొచ్చు. మారనిది ఫ్యాక్టరీ సీరియల్ నంబరు, మన బళ్ళ ఛాసిస్ నంబరన్నమాట. 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాక వాళ్ళ బోయింగ్ 737లు కొన్ని స్పైస్‌జెట్‌కి పోయాయి, రంగు మారింది, కింద బండి అదే.

కుర్రాళ్ళకి ఒక్క జాగ్రత్త. వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ళది, ఐఎన్‌ఎస్ డేగా, అక్కడ కెమెరా బయటికి తియ్యొద్దు. వేరే ఊరి ఎయిర్‌పోర్టు గోడ పక్కన నిలబడి నేనోసారి తీశాను, కాపలా ఆయన వచ్చి కెమెరా లాక్కుని కార్డంతా ఖాళీ చేసేశాడు, విమానాల ఫొటోలు పోతే పోయాయి, మా మేనకోడలి పెళ్ళి ఫొటోలు కూడా అందులోనే ఉన్నాయి, ఇప్పటికీ మా అక్క ముందు ఆ మాటెత్తను.

అందుకే నాకు భోగాపురం మీద అంత ఆశ. రన్‌వే 3,800 మీటర్లు, వైజాగ్‌ది 3,050 చిల్లర. ఆ ఏడొందల మీటర్లూ దేనికంటే మన మే నెల ఎండకి. వేడెక్కితే గాలి పలచబడుతుంది, రెక్కకి పైకెత్తే బలం తక్కువ, ఇంజనుకి బలం తక్కువ, ఆయిలు నింపుకున్న పెద్ద విమానం ఎక్కువ దూరం పరిగెడితే గానీ లేవదు. కానీ రన్‌వే పొడవు చూసి మురిసిపోకండి, నేను మొదట చూసేది రాత్రి ఎన్ని విమానాలు అక్కడ పడుకుంటాయి అని. పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు తెలుసు కదా, రాత్రి ఆఖరి ట్రిప్పుకి వచ్చి రచ్చబండ దగ్గర పడుకుని తెల్లారి మొదటి ట్రిప్పు తీస్తుంది, ఆ బస్సున్న ఊరివాడే కోర్టు పనికి టౌనుకెళ్ళి అదే రోజు ఇంటికొస్తాడు. విమానానికీ అంతే. రాత్రి పడుకునే విమానం ఉంటే పొద్దున్న ఆరింటికి ఇక్కణ్ణుంచి బయల్దేరొచ్చు, లేకపోతే హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో అది ఇక్కడికొచ్చాకే మన ప్రయాణం. రెండో లెక్క శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్ళది, గల్ఫ్‌కి పోవాలంటే చాలామంది హైదరాబాదో చెన్నయ్యో వెళ్ళి ఎక్కుతుంటారు, ఇక్కణ్ణుంచి గల్ఫ్ నాలుగైదు గంటల దూరం, ఏ320 నియోకి సులువుగా అందుతుంది. అంచేత అక్కడ ఏదో ఒకరోజు పెద్ద 777 దిగిందని పేపర్లో ఫొటో వేస్తే నేను పొంగిపోను, రోజూ గల్ఫ్‌కి ఒక చిన్న ఎయిర్‌బస్ పోతే పొంగిపోతాను. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వాళ్ళు తోకల మీద బాంధనీ లాంటి చీరల డిజైన్లు వేస్తున్నారు, పొందూరు ఖద్దరు ఎందుకు వెయ్యరని కూడా నా గోల, తెల్లటి తోక మీద తెల్లటి ఖద్దరు ఎవడికి కనపడుద్దిరా అని మా బావ అంటాడు.

టైం అయిపోయింది, మాస్టారు వాచీ చూస్తున్నారు. మేడ మీద బైనాక్యులర్ పెట్టాను, ఆకాశం తేటగానే ఉంది. ఎర్ర లైటు విమానానికి ఎడమ రెక్క, పచ్చ లైటు కుడి రెక్క, అది చూసి ఎటు పోతోందో చెప్పండి. తర్వాత తెల్ల లైటు మెరుపులు లెక్కపెట్టండి, టపటపమని రెండేసి కొడితే ఎయిర్‌బస్, ఒక్కొక్కటే కొడితే చాలావరకు బోయింగ్ 737. పిల్లలు ముందు పదండి, మెట్ల దగ్గర బల్బు పోయింది, మూడో మెట్టు పగిలింది, చూసుకుని ఎక్కండి.