ఫ్రెష్‌మనే, కానీ రెండో ఏడు: కొలంబస్‌లో ఫుట్‌బాల్ శనివారం

హాయ్ అండీ, నమస్తే. ఓహయో స్టేట్ యూనివర్సిటీకి ఈ రోజు సొంత ఊళ్లో అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్, కొలంబస్‌లో ఎటు చూసినా ఎర్ర జెర్సీలే. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. పార్కింగ్ సంగతి మాత్రం అడగకండి.

సీట్లో కూర్చుని ఫోన్లో ప్లేయర్ల లిస్టు చూస్తున్నాం. ఒకబ్బాయి పేరు పక్కన ‘రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్’ అని ఉంది. ఫ్రెష్‌మన్ అంటే మొదటి ఏడు వాడు, కాలేజీలో మాత్రం ఇది వాడికి రెండో ఏడు. మా వారు జేఎన్‌టీయూ బ్యాచ్ కదా, వెంటనే "డిటెయిన్ అయ్యాడా పాపం?" అన్నారు. అబ్బే, వాణ్ని కోచే కావాలని దాచిపెట్టాడు!

ఆ లిస్టులో ఉండేది చదువులో ఏ ఇయర్ అన్న లెక్క కాదండీ, ఆటలో ఎన్ని సీజన్లు వాడేశారన్న లెక్క. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, అందులో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో చాలా ఏళ్లుగా నడిచిన రూల్ ఏంటంటే, కాలేజీలో చేరాక ఐదేళ్ల టైమ్, అందులో నాలుగు సీజన్ల ఆట. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ఇరవై రెండేళ్ల వస్తాదుల మీదకి తోసే బదులు, మొదటి ఏడు జిమ్, ప్రాక్టీస్, తిండితో సరిపెడతారు. ఆ సీజన్ వాడి ఖాతాలోనే ఉంటుంది. దీన్నే రెడ్‌షర్ట్ అంటారు. 2018 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది, నాలుగు గేముల దాకా ఆడినా సీజన్ పోదు. అందుకే సీజన్ చివర్లో, నవంబర్లో కొత్త కుర్రాళ్లు ఉన్నట్టుండి మైదానంలో కనిపిస్తారు.

కోవిడ్ వల్ల 2020 సీజన్‌ని ఎవరికీ లెక్కలో వెయ్యలేదు. అక్కణ్నుంచి మొదలైంది అసలు సందడి. విల్ హోవర్డ్ నాలుగేళ్లు కాన్సస్ స్టేట్‌లో ఆడి, 2024లో మా ఓహయో స్టేట్‌కి వచ్చి, 2025 జనవరిలో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి చాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. ఆ మినహాయింపు లేకపోతే అతను ఇక్కడికి వచ్చేవాడే కాదు. కామ్ మెకార్మిక్ అయితే 2016లో ఓరెగన్‌లో చేరి, గాయాల మీద గాయాలు తగిలి, 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడు ఆడాడు!

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరి ఆట నడిపే ప్లేయర్) డియేగో పావియా ఏకంగా కోర్టుకెక్కాడు. జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాదు, ఇక్కడ హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) ఆడిన ఏళ్లని ఈ నాలుగులో ఎందుకు కలుపుతారు అని. 2024 డిసెంబర్లో ఫెడరల్ జడ్జి అతని వైపే ఆర్డరిచ్చారు, 2025లో మళ్లీ ఆడాడు. నాకైతే అతని వాదన న్యాయంగానే అనిపించింది. కానీ పాతవాళ్లు ఒక్కో ఏడు ఉండిపోతున్నకొద్దీ హైస్కూల్ నుంచి వచ్చే పిల్లలకి చోటు తగ్గుతుంది కదా. పైగా 2021 నుంచి ప్లేయర్లు ప్రకటనల్లాంటి వాటికి తమ పేరు, ఫొటో ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు, ఇక ఎవరు వదులుకుంటారండీ?

ఆట ఒక్కటే చాలదు, చదువూ నడవాలి. మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, ఐదో ఏటికి 80 పూర్తవ్వాలి. సెమిస్టర్‌కి మామూలుగా పన్నెండు క్రెడిట్లు ఉండాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివే మన పిల్లలకీ ఆ పన్నెండు క్రెడిట్ల లెక్కే.

మీ పిల్లలు ఇక్కడ హైస్కూల్‌లో ఆడుతుంటే కౌన్సెలర్ని నైన్త్ గ్రేడ్‌లోనే కలవండి. డివిజన్ వన్ అడిగే పదహారు కోర్ కోర్సుల (ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ లాంటివి) లెక్క అప్పట్నుంచే మొదలవుతుంది.