బహుమతిగా సైకిల్ సీటు అడిగే ముందు

(తెర మీద: స్టాండు వేసి నిలబెట్టిన సైకిల్. కెమెరా నెమ్మదిగా సీటు దగ్గరికి వస్తుంది.)

నమస్కారం. సైకిల్ తొక్కే అలవాటున్న వారిని ఇంట్లోవారో స్నేహితులో "పుట్టినరోజుకి ఏం కావాలో చెప్పు" అని అడిగితే, "సుఖంగా ఉండే సీటు ఒకటి కొనిపెట్టండి" అన్న జవాబు రావడం సహజమే. అయితే ఆ ఒక్క మాట పట్టుకుని దుకాణానికి వెళ్ళిన మనిషి, అక్కడ వరుసగా పెట్టిన సీట్లను బొటనవేలితో నొక్కి చూసి, అన్నిటికంటే మెత్తగా తగిలినదాన్ని కొనుక్కురావడం తప్ప ఇంకేమీ చేయలేరు. బొటనవేలు ఒక చిన్న చోట, ఒక్క క్షణం నొక్కుతుంది. మనమేమో ఒంటి బరువులో చాలా భాగాన్ని రెండు ఎముకల మీద మోపి గంటల తరబడి కూర్చుంటాం. ప్రేమగా కొన్న సీటు నెల తిరక్కుండానే అటక ఎక్కడానికి ఈ తేడాయే కారణం. సీటుకు కావలసిన కొలత బహుమతి అందుకునేవారి ఒంట్లో ఉంటుంది గనుక ఎంపిక వారే చేయాలి. ఇచ్చేవారికి కొనే పని మాత్రమే మిగల్చాలి.

(తెర మీద: తుంటి ఎముకల బొమ్మ, అడుగున ఉన్న రెండు గుండ్రని కొనలు వెలుగుతాయి.)

మనం కూర్చున్నప్పుడు బరువును మోయవలసినవి ఆసనాస్థుల, అంటే తుంటి కింది భాగంలోని ఎముకల, అడుగు కొనలు. గట్టి బల్ల మీద కూర్చుని పిరుదుల కింద అరచేతులు పెట్టుకుంటే ఇవి చేతికి స్పష్టంగా తగులుతాయి. వీటి మధ్య దూరం పెద్దవారిలో ఎక్కువమందికి సుమారు 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, స్త్రీలలో సగటున కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఒంటి బరువును చూసిగానీ, నడుము చుట్టుకొలతను చూసిగానీ ఈ దూరాన్ని ఊహించడం సాధ్యం కాదు. సన్నగా ఉన్నవారికి వెడల్పయిన సీటు, భారీగా ఉన్నవారికి ఇరుకైన సీటు అవసరమైతే ఆశ్చర్యపడనక్కర్లేదు. అందుకే సీటు అడగాలనుకున్న వారు అన్నిటికంటే ముందు ఈ దూరాన్ని కొలుచుకోవాలి. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు, పార్సిల్ పెట్టె నుంచి కత్తిరించిన ముడతల అట్టముక్క ఒకటి చాలు.

(తెర మీద: చెక్క స్టూలు మీద పరిచిన అట్టముక్క.)

అట్టముక్కను దిండు లేని గట్టి స్టూలు మీద పరచండి. జీన్స్ లాంటి మందపాటి బట్టలు కాకుండా పలుచని బట్టలు వేసుకుని దాని మీద కూర్చోండి. కూర్చున్నాక పాదాల కింద ఏదైనా ఎత్తు పెట్టుకుని మోకాళ్ళు కాస్త పైకి వచ్చేలా చూసుకోండి, సైకిల్ మీద వంగినంతగా ముందుకు వంగండి, స్టూలు అంచులను చేతులతో పట్టుకుని ఒంటిని కిందికి గట్టిగా లాక్కుంటూ అర నిమిషం అలాగే ఉండండి. అటూ ఇటూ కదిలితే గుంటలు చెదిరిపోతాయి కాబట్టి లేచేటప్పుడు నిటారుగా లేవండి. అట్ట మీద రెండు లోతు గుంటలు పడి ఉంటాయి. వెలుతురులో సరిగా కనబడకపోతే అట్టను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి, లేదా సుద్దముక్కను పడుకోబెట్టి పైపైన రుద్దండి. గుంటలు పడిన చోట సుద్ద అంటదు. ఒక్కొక్క గుంట నడిమధ్యన పెన్నుతో చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకు స్కేలుతో కొలవండి. మరో అట్టముక్కతో ఇంకోసారి చేసి చూసి, రెండు కొలతలూ దగ్గరగా వస్తేనే వాటిని నమ్మండి.

ఈ కొలత ఎముకల మధ్య దూరమే గాని సీటు వెడల్పు కాదు, ఎందుకంటే ఎముకల కొనలు సీటు అంచు మీద కాక, మెత్త ఉన్న సమతలం మీద ఆనాలి. ఓ మోస్తరుగా ముందుకు వంగి తొక్కేవారు తమ కొలతకు సుమారు 20 మిల్లీమీటర్లు కలుపుకోవచ్చు. నిటారుగా కూర్చుని తొక్కేవారు 30 లేదా అంతకు కాస్త ఎక్కువ కలుపుకోవాలి, బాగా కిందికి వంగి వేగంగా తొక్కేవారు అంతకంటే తక్కువతో సరిపెట్టుకోవచ్చు. ముందుకు వంగినప్పుడు తుంటి కూడా ముందుకు ఒరుగుతుంది, సీటును తాకే ఎముక అంచులు ముందుకు వెళ్ళేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఈ తేడాకు కారణం అదే. ఉదాహరణకు కొలత 120 వచ్చి, ఓ మోస్తరుగా వంగి తొక్కే వ్యక్తికి 140 దగ్గరి సీటు కావాలి. బజారులో దానికి దగ్గరగా 143 మిల్లీమీటర్ల సీట్లు దొరుకుతాయి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒకే పేరుతో, ఒకే రూపంలో రెండు మూడు వెడల్పులు అమ్మడం కంపెనీలకు మామూలే. స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ అనే పొట్టి ముక్కు (సీటు ముందుకు సన్నగా పొడుచుకువచ్చే భాగం) సీటును 143, 155, 168 మిల్లీమీటర్లలో తయారు చేస్తుంది. కొనేవారికి పేరు మాత్రమే చెబితే చేతికి ఏది వస్తుందో చెప్పలేం.

(తెర మీద: రెండు సీట్లు పక్కపక్కన, ఒకటి మందపాటి జెల్‌ది, ఒకటి గట్టిది.)

మెత్తదనం గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: అరగంటకు మించి తొక్కేవారు మందపాటి జెల్ సీటు అడగకపోవడమే మంచిది. ఎముకల కొనలు అందులో లోతుగా దిగబడితే, వాటి మధ్య ఉన్న జెల్ పైకి ఉబికి, అసలు బరువు పడకూడని మెత్తని కండరాన్నీ నరాలనూ నొక్కుతుంది. దగ్గరి దూరాలకు నిటారుగా కూర్చుని వెళ్ళివచ్చేవారికి మాత్రం మెత్తని వెడల్పు సీటు బాగానే పని చేస్తుంది, వారు దాన్ని నిస్సంకోచంగా అడగవచ్చు.

ఆ మెత్తని భాగం మీద ఒత్తిడి పడుతోందని చెప్పే గుర్తు తిమ్మిరి. దాన్ని "అలవాటైపోతుందిలే" అని ఎప్పుడూ తీసిపారేయకూడదు, ఎందుకంటే అక్కడ నొక్కుకుపోయేవి నరాలూ రక్తనాళాలూ. అమెరికా ప్రభుత్వానికి చెందిన వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ, సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలపాటు పరిశీలించినప్పుడు వారిలో తిమ్మిరి బాగా తగ్గింది. అందరూ ముక్కు లేని సీటే అడగాలని నేను అనను, ఎందుకంటే మలుపుల్లో తొడలతో సైకిల్‌ను అదుపు చేయడానికి ఆ ముక్కు సాయపడుతుంది. కానీ తిమ్మిరి వస్తున్నవారు నడుమ కోత ఉన్న సీటునో, పొట్టి ముక్కు సీటునో ఎంచుకోవడం మేలు. సీటు మార్చినా తిమ్మిరి తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి.

ఇతర ఇబ్బందులు కూడా ఎంపికకు దారి చూపుతాయి. తొడల లోపలి వైపు ఒరుసుకుపోతుంటే సీటు ముందు భాగం లావుగా ఉన్నట్టు. ఎముకల దగ్గరే నొప్పి ఉండి, తొక్కడం ఈ మధ్యే మొదలుపెట్టి ఉంటే, రెండు మూడు వారాలు ఆగి చూడవచ్చు. తుంటి అటూ ఇటూ ఊగుతుంటే తప్పు సీటుది కాకపోవచ్చు, ఎత్తుది కావచ్చు: పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి మడమను దాని మీద పెట్టినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి, మడమ అందకపోతే సీటు ఎత్తుగా ఉన్నట్టు. ఈ పరీక్ష చేయకుండా కొత్త సీటు అడిగితే పాత బాధ కొత్త సీటు మీద కూడా కొనసాగుతుంది.

తోలు సీట్లకు వీరాభిమానులున్నారు. 1866లో ఇంగ్లండ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ తోలు సీట్లను ఈనాటికీ తయారు చేస్తోంది. వీటిలో మెత్త ఉండదు. ఇనుప చట్రానికి ఊయలగుడ్డలా బిగించిన మందపాటి తోలు, తొక్కేకొద్దీ ఆ మనిషి ఎముకలకు తగ్గట్టు ఒదుగుతుంది. అలా ఒదగడానికి వందల కిలోమీటర్లు పట్టవచ్చు, వానలో తడవనివ్వకూడదు, అప్పుడప్పుడూ మైనం పట్టించాలి. ఓపిక ఉన్నవారికి ఇంతకంటే మంచి బహుమతి లేదని నేను అనుకుంటాను. సైకిల్‌ను ఆరుబయట వానలో వదిలేసేవారు మాత్రం దీన్ని అడగకూడదు.

(తెర మీద: బోర్లించిన సీటు, అడుగున రెండు కమ్మీలు.)

వెడల్పు తేలాక, సీటును బోర్లించి దాని కింది కమ్మీలను చూడండి. మామూలు కమ్మీలు 7 మిల్లీమీటర్ల మందాన గుండ్రంగా ఉంటాయి, చాలా సైకిళ్ళ క్లాంపులు, అంటే కమ్మీలను సీటు గొట్టానికి పట్టి ఉంచే బిగింపులు, వాటికే సరిపోతాయి. కార్బన్ కమ్మీలు మాత్రం కోడిగుడ్డు ఆకారంలో, 7 వెడల్పు, 9 లేదా 10 ఎత్తు ఉంటాయి. పక్కల నుంచి బిగించే క్లాంపుల్లో కొన్ని వాటిని పట్టుకోలేవు. అనుమానంగా ఉంటే ఉక్కు కమ్మీలున్న సీటే అడగండి, ధర కూడా తగ్గుతుంది. కొన్ని మామూలు సైకిళ్ళలో క్లాంపు సీటుతో పాటే ఊడివస్తుంది. అలాంటప్పుడు కొత్త సీటుతో క్లాంపు కూడా వస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

ఇక అడగవలసిన మాట ఇలా ఉంటే బాగుంటుంది. మోడల్ పేరు ఉండవలసిన చోట మీరు ఎంచుకున్నది పెట్టుకోండి.

(తెర మీద: ఫోన్‌లో సందేశం, ఒక్కొక్క మాటా పడుతుంది.)

"అన్నయ్యా, పుట్టినరోజుకి ఏం కావాలని అడిగావు కదా. నాకు సైకిల్ సీటు కావాలి. మోడల్ ఫలానాది, వెడల్పు 143 మిల్లీమీటర్లు, అదే పేరుతో 155ది కూడా ఉంటుంది, అది వద్దు. నడుమ కోత ఉన్నది, ఉక్కు కమ్మీలది, రంగు ఏదైనా సరే. బిగించి తొక్కాక సరిపడకపోతే మార్చుకోనిస్తారా, ఎన్ని రోజుల్లోగా తేవాలి అని కొనేముందు అడుగు. బిల్లు దాచిపెట్టు. ఆ సైజు లేకపోతే ఇంకొకటి తేవద్దు, ఆగుదాం."

చివరి వాక్యం రాయడానికి మొహమాటపడకండి. కొనేవారు చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగి రావడం ఇష్టంలేక దగ్గరి సైజు తెచ్చేస్తారు, ఆ ఇబ్బంది నుంచి వారిని తప్పించేది ఆ వాక్యమే. తొక్కి చూసిన సీటును తిరిగి తీసుకునే దుకాణం దొరికితే, కొంచెం ధర ఎక్కువైనా అక్కడే కొనమనండి.

సీటు వచ్చాక, పాతదాన్ని విప్పకముందే, పెడల్ కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఒక సీటు మందంగా, ఇంకొకటి పలుచగా ఉంటుంది కాబట్టి, సీటు గొట్టాన్ని ముట్టుకోకపోయినా ఎత్తు మారిపోతుంది. కొత్తది బిగించాక మళ్ళీ కొలిచి అదే అంకెకు తీసుకురండి. మొదట సీటును సమతలంగా పెట్టండి, ముక్కును ఎత్తడమైనా దించడమైనా ఒకటి రెండు డిగ్రీల కంటే మించనివ్వకండి. ముక్కు బాగా దిగితే మనిషి ముందుకు జారి, ఆ బరువు చేతుల మీద పడుతుంది. ఎత్తు, వంపు, ముందు వెనకలు అన్నీ ఒకేసారి మార్చకుండా ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పు తర్వాతా మీరు మామూలుగా వెళ్ళే దూరం తొక్కి చూడండి. ఇదంతా దుకాణం ఇచ్చిన గడువులోపే ముగించాలి, అప్పటిదాకా పాత సీటును పారేయకండి.