33 మిల్లీసెకన్ల గడువు

అందరికీ నమస్కారం. ఈరోజు హాల్లో ఎక్కువమంది ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, ముందు వరసలో కొందరు డాక్టర్లు ఉన్నారు. ఇద్దరికీ సంబంధించిన ఒకే ఒక్క పరీక్షను పట్టుకుని మాట్లాడతాను. అది కొలనోస్కోపీ.

కెమెరా ఉన్న గొట్టాన్ని పెద్దపేగు చివరిదాకా పంపి, తర్వాత మెల్లగా వెనక్కి తీస్తూ పేగు గోడలను చూస్తారు. ఇలా వెనక్కి తీయడానికి కనీసం 6 నిమిషాలు వెచ్చించాలన్నది వైద్యులు చాలాకాలం పాటించిన ప్రమాణం. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున లెక్కేస్తే 10,800 ఫ్రేములు. వాటిలో ఎక్కడో ఒక మడత వెనకాల నాలుగైదు మిల్లీమీటర్ల పాలిప్, అంటే పేగు గోడ మీద పెరిగే చిన్న బుడిపె, అర సెకను కనబడి మాయమవుతుంది. ఒకే పేషెంట్‌కు వెంటవెంటనే రెండుసార్లు పరీక్ష చేసి పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మొదటిసారి దాదాపు నాలుగింట ఒక అడినోమా తప్పిపోతోందని తేలింది. అడినోమా అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న పాలిప్. ఇందులో డాక్టర్‌గారి అశ్రద్ధ ఏమీ లేదు. మనిషి కన్ను అలసిపోతుంది, అంతే.

ఇక్కడే ఏఐ పెట్టె వచ్చింది. కెమెరా వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూసి, పాలిప్ అనిపించిన చోట తెర మీద గుర్తు గీస్తుంది. ఇటలీలో మూడు కేంద్రాల్లో 685 మందిపై జరిగిన పరీక్షలో, కనీసం ఒక అడినోమా దొరికిన పేషెంట్లు మామూలుగా 40.4 శాతం ఉంటే, ఏఐ సాయంతో 54.8 శాతం అయ్యారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. అందులో వాడిన జీఐ జీనియస్ పరికరానికి 2021 ఏప్రిల్‌లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

ఈ పని క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్లలో, ఎందుకు చేయకూడదని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. ఎక్స్‌రే అయితే చేయొచ్చు, రిపోర్టు పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇక్కడ గొట్టం కదులుతూనే ఉంటుంది. తర్వాతి ఫ్రేము రావడానికి 33 మిల్లీసెకన్లే గడువు. ఫ్రేమును పట్టుకోవడం, మెమరీలోకి తేవడం, ఏఐ మోడల్ నడపడం, తెర మీద గుర్తు గీయడం, అన్నీ ఆ లోపలే జరగాలి. ఇంటర్నెట్ మీద పోయి రావడానికే అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. పైగా ఎప్పుడు ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చిప్ పేషెంట్ పక్కనే ఉండాలి.

మరి ఎలాంటి చిప్? ఇక్కడ కొంచెం ఆగుదాం, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరొవిట్జ్ 2014లో కొన్ని లెక్కలు చూపించారు. 45 నానోమీటర్ల చిప్‌లో 32 బిట్ల దశాంశ సంఖ్యలు రెంటిని గుణించడానికి 4 పికోజౌళ్ల లోపే శక్తి ఖర్చవుతుంది. అదే సంఖ్యను బయటి మెమరీ నుంచి తెచ్చుకోవాలంటే దానికి వంద రెట్లకు పైగా. అంటే చిప్ ఎక్కువగా వేడెక్కేది లెక్కలు చేసి కాదు, సరుకు మోసి మోసి.

ఏఐ చిప్‌ల డిజైన్‌లో చాలా భాగం ఈ మోత తగ్గించడానికే. స్లాబ్ వేసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతికి చేయి అందించుకుంటారు చూడండి, ఎవరూ కిందికీ పైకీ పరిగెత్తరు. చిప్‌లో లెక్కల యూనిట్లను ఇలా వరసల్లో పేర్చే సిస్టాలిక్ ఎరే అచ్చం అదే. కుంగ్, లైజర్సన్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1978లో ఆలోచించిన ఈ పద్ధతినే గూగుల్ 2015లో తన మొదటి ఏఐ చిప్ టీపీయూలో వాడింది. అడ్డంగా 256, నిలువుగా 256, మొత్తం 65,536 గుణకార యూనిట్లు. ఒకసారి లోపలికి తెచ్చిన సంఖ్య చేతులు మారుతూ ఎన్నో లెక్కల్లో పనికొస్తుంది.

ఆ టీపీయూ 8 బిట్ల పూర్ణ సంఖ్యలతో పనిచేసింది. 32 బిట్ల మోడల్‌ను 8 బిట్లకు కుదిస్తే మోత నాలుగో వంతవుతుంది. కుక్క బొమ్మో పిల్లి బొమ్మో చెప్పే మోడల్‌కు ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. మన విషయంలో మాత్రం నాకు భయం. మొత్తం మీద కచ్చితత్వం అర శాతమే తగ్గిందని పేపర్లో రాసుకుంటాం. ఆ అర శాతంలో పోయినవి ఏవి? పేగు రంగులోనే ఉండి, గోడకు అతుక్కుని చదునుగా ఉండే చిన్న పాలిప్‌లే అయితే? డాక్టర్ కంటికి తప్పిపోయేవీ అవే. కాబట్టి కుదించాక వాటిని విడిగా పరీక్షించకుండా ఏ పరికరమూ బయటికి రాకూడదు.

ఇంకొకటి. కంపెనీలు చిప్ గురించి చెప్పేటప్పుడు సెకనుకు ఎన్ని ట్రిలియన్ల లెక్కలు చేస్తుందో చెబుతాయి. ఎండోస్కోపీ గదిలో కావలసింది ఆ అంకె కాదు, అన్నిటికంటే ఆలస్యమైన ఫ్రేముకు ఎంత పట్టిందన్నది. సగటు 20 మిల్లీసెకన్లే ఉండి, అప్పుడప్పుడూ 200 పడితే ఆరు ఫ్రేములు పోయినట్టే. గుర్తు కనబడేసరికి గొట్టం ఇంకో చోట ఉంటుంది. పైగా చిప్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున మొదటి పేషెంట్‌కు నడిచినంత చురుగ్గా మధ్యాహ్నం పన్నెండో పేషెంట్‌కు నడవకపోతే అది అన్యాయం. ఆ పేషెంట్‌కు ఆ సంగతి తెలిసే దారి కూడా లేదు. ఇంకా ముఖ్యం, ఏఐ ఆగిపోయినా డాక్టర్‌గారి వీడియో ఆగకూడదు. కెమెరా నుంచి తెరకు వెళ్లే దారి విడిగా ఉండాలి.

డాక్టర్లకు కూడా ఒక మాట. పోలెండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2025లో వచ్చింది. ఏఐకి అలవాటు పడ్డ తర్వాత, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాలు దొరికే రేటు 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. కారణం ఏఐయేనని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ ట్రైనింగ్‌లో ఉన్న కుర్ర డాక్టర్లు వారంలో కొన్ని పరీక్షలైనా పెట్టె ఆపేసి చేయాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

విద్యార్థులకు పని చెప్పి ముగిస్తాను. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియాలకు హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి, మీలో కొందరు రేపు అక్కడే పనిచేస్తారు. ఆలోగా, క్వాసిర్-సెగ్ అని 1,000 పాలిప్ చిత్రాల సంకలనం ఉచితంగా దొరుకుతుంది. ఎన్విడియా తయారుచేసే చిన్న జెట్‌సన్ కంప్యూటర్ బోర్డు మీద ఒక మోడల్‌ను 32 బిట్లలో ఒకసారి, 8 బిట్లలో ఒకసారి నడపండి. ఏసీ ఆపేసి నాలుగు గంటలు ఆపకుండా నడపండి. తప్పిపోయిన చిత్రాలను ప్రింటు తీసి, ఆలస్యమైన ఫ్రేముల లెక్కతో పాటు ఈ ముందు వరసలో ఉన్న డాక్టర్లకు చూపించండి.