బ్రిటన్ వంట చప్పబడిందెలా? ఒక రేషన్ పుస్తకం కథ

[తెర మీద: ప్లేటులో ఉడికించిన బంగాళదుంపలు, క్యాబేజీ, పలచటి మాంసం ముక్క]

బ్రిటిష్ వాళ్లకు వంట రాదు అనే మాట మన దగ్గరే కాదు, యూరప్ అంతా వినిపిస్తుంది. చదువుకి లండన్ వెళ్లిన మన పిల్లలు కూడా మొదటి వారంలోనే "ఉప్పూ కారం లేదమ్మా" అని ఇంటికి ఫోన్ చేస్తారు. చప్పగా ఉంటుందన్న మాట నిజమే. కానీ వాళ్లకు వండటం చేతకాదంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

1940 జనవరి 8. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం), వెన్న, పంచదార మీద రేషన్ మొదలైంది. అప్పట్లో బ్రిటన్ తినే తిండిలో దాదాపు మూడింట రెండు వంతులు ఓడల మీద రావాల్సిందే. ఆ ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. చూస్తుండగానే మాంసం, టీ, జామ్, చీజ్ కూడా రేషన్ జాబితాలోకి వెళ్లాయి.

[తెర మీద: రేషన్ పుస్తకం దగ్గరగా. పక్కన బల్ల మీద ఒక మనిషికి వారం సరుకులు]

సరఫరాను బట్టి లెక్క మారుతుండేది. మామూలుగా అయితే పెద్దవాళ్లకు వారానికి వెన్న 57 గ్రాములు, టీ పొడి 57 గ్రాములు, బేకన్ 113 గ్రాములు, పంచదార 227 గ్రాములు, గుడ్డు ఒక్కటి. మన రేషన్ కార్డుతో పోల్చుకోకండి. మనం కార్డు మీద చౌకగా తెచ్చుకుని, చాలకపోతే బయట కొనుక్కుంటాం. వాళ్లకు ఆ పుస్తకంలో రాసిందే హద్దు. డబ్బున్నా ఎక్కువ కొనకూడదు. రాజు ఆరో జార్జి కుటుంబానికీ రేషన్ పుస్తకాలు ఇచ్చారు.

ఇప్పుడు ఉల్లిపాయ సంగతి చూడండి. దానికి రేషన్ లేదు, అసలు సరుకే లేదు. యుద్ధానికి ముందు ఉల్లిపాయల్లో ఎక్కువ భాగం బయటి నుంచి, ముఖ్యంగా ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం నుంచి వచ్చేవి. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించగానే ఆ దారి మూసుకుపోయింది. ఆఫీసుల్లో ఒక్క ఉల్లిపాయను బహుమతిగా పెట్టి లాటరీ టిక్కెట్లు అమ్మేవారు. ఉల్లిపాయ వేయకుండా నాలుగు రోజులు కూర వండి చూడండి, ఆ ఇల్లాళ్ల అవస్థ తెలుస్తుంది.

[తెర మీద: చీజ్ చక్రాలు]

చీజ్‌కి జరిగింది ఇంకా దారుణం. ఊరూరా ఒక్కో రుచితో చీజ్ చేసుకునేవాళ్లు. చీజ్‌కు వాడే పాలన్నీ ఒకే రకం గట్టి చీజ్‌కు మళ్లించాలని ప్రభుత్వం ఆదేశించింది. జనం దానికి 'గవర్నమెంట్ చెడ్డర్' అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసేసరికి ఎన్నో పల్లెల్లో చీజ్ చేసే ఇళ్లు మూతపడ్డాయి. తరాల చేతి నైపుణ్యం అది, మళ్లీ ఒక్క రోజులో వస్తుందా?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. అదే యుద్ధకాలంలో, అదే ప్రభుత్వ పాలనలో ఉన్న బెంగాల్‌లో 1943లో లక్షల మంది తిండి లేక చనిపోయారు. లండన్‌లో తిండి చప్పగా ఉన్నా అందరికీ అందింది. కలకత్తా వీధుల్లో అదీ లేదు.

యుద్ధం 1945లో అయిపోయింది, రేషన్ అయిపోలేదు. యుద్ధంలో కూడా రేషన్ లేని బ్రెడ్‌ను 1946 నుంచి 1948 దాకా రేషన్‌లో పెట్టారు. మాంసం మీద ఆఖరి ఆంక్ష పోయింది 1954 జూలై 4న. అంటే, 1940లో ఐదేళ్ల పాపకు రేషన్ పోయేసరికి పందొమ్మిదేళ్లు. వెన్న ధారాళంగా వేసి వండటం ఆ పిల్ల తన తల్లి దగ్గర ఎప్పుడు చూసింది? చూడందే తన పిల్లలకేం నేర్పుతుంది? ఆలివ్ నూనె కావాలంటే అప్పట్లో మందుల షాపుకు వెళ్లాల్సి వచ్చేది, చెవిలో వేసుకోవడానికి!

[తెర మీద: మిఠాయి దుకాణం ముందు పిల్లల వరస]

పంచదార కథ మాత్రం వేరే దారి పట్టింది. 1949 ఏప్రిల్‌లో మిఠాయిల మీద రేషన్ తీసేస్తే జనం ఎగబడి కొన్నారు, సరుకు చాల్లేదు. నాలుగు నెలలకే మళ్లీ రేషన్ పెట్టారు. చివరికి 1953 ఫిబ్రవరిలో మిఠాయిలకు, సెప్టెంబరులో పంచదారకు విముక్తి. ఏడాది తిరిగేసరికి మనిషి సగటున తినే పంచదార రోజుకు సుమారు 40 గ్రాముల నుంచి 80కి చేరింది.

2024లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ మార్పునే పట్టుకుంది. తల్లి కడుపులోనూ, పుట్టాక మొదటి రెండేళ్లలోనూ పంచదార రేషన్ కింద గడిపిన వాళ్లను, రేషన్ పోయాక పుట్టిన వాళ్లతో పోల్చారు. మొదటి వాళ్లకు పెద్దయ్యాక టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం సుమారు 35 శాతం, బీపీ వచ్చే అవకాశం సుమారు 20 శాతం తక్కువ. నాలుకకు అన్యాయం చేసిన పుస్తకమే ఒంటికి మేలు చేసింది. ఈ అంశం మొత్తంలో నన్ను బాగా కదిలించింది ఇదే.

[తెర మీద: ఫిష్ ఫింగర్స్, ముక్కలు కోసిన బ్రెడ్, కర్రీ హౌస్ బోర్డు]

ఆ తర్వాత అంతా వేగమే. 1955లో ఫిష్ ఫింగర్స్ (బ్రెడ్ పొడి అద్దిన చేప ముక్కలు) వచ్చాయి. 1961లో యంత్రాలతో వేగంగా పిండి కలిపే చోర్లీవుడ్ పద్ధతి వచ్చి గంటల తరబడి పిండి పులియబెట్టే పని తప్పించింది, మెత్తటి బ్రెడ్ చౌకైంది. మసాలా ఘాటును ఊరూరా తీసుకెళ్లింది మాత్రం ఎక్కువగా ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీలు. 'ఇండియన్' అని బోర్డు పెట్టి, రాత్రి పబ్బులు మూసే వేళ కూడా వేడివేడిగా వడ్డించారు. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను బ్రిటన్ జాతీయ వంటకం అనేదాకా వచ్చింది.

ఇప్పుడు మాంసం తగ్గుతోంది. 2008 నుంచి పదేళ్లలో మనిషి సగటు రోజుకు సుమారు 104 గ్రాముల నుంచి 86కి దిగింది. కానీ తినే కేలరీల్లో సగానికి పైగా ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి నుంచే వస్తున్నాయి. పంచదార వాడకం తగ్గించడానికి 2018 ఏప్రిల్‌లో తీపి కూల్‌డ్రింకుల మీద పన్ను వేశారు. 100 మిల్లీలీటర్లలో పంచదార 5 గ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే కట్టాలి. పన్ను రాకముందే చాలా కంపెనీలు పంచదార తగ్గించాయి. స్కాట్లండ్‌లో జనం ఎంతో ఇష్టపడే ఐర్న్‌బ్రూ అనే కూల్‌డ్రింకులో కూడా తగ్గించారు. పాత రుచి పోతుందని అభిమానులు సీసాలు కొని ఇళ్లలో దాచుకున్నారు. బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లు మాత్రం ఈ పన్ను కిందికి రావు.