మీ యాక్షన్ రీసెర్చ్ నూటికి నూరు సక్సెసా? అయితే అది దొంగది!

యాక్షన్ రీసెర్చ్ అంటే టీచర్ క్లాసుల ఒక ఇబ్బంది పట్టుకొని, పాఠం చెప్పే తీరు మార్చి, ఏమైందో చూసుకునే చిన్న పరిశోధన. నూటికి నూరు సక్సెస్ అయిన యాక్షన్ రీసెర్చ్ దొంగది. ఔ, దొంగదే అంటున్న! పిల్లలందరు నేర్చుకున్నరు, గ్రాఫ్ పైకే పోయింది, సార్ అనుకున్నదే జరిగింది అని రాసిన ప్రాజెక్టు క్లాసుల పుట్టలే, జిరాక్స్ సెంటర్ల పుట్టింది. పెళ్లి ఆల్బమ్ లెక్క ఉంటది, ఏ పేజీ తిప్పినా అందరు నవ్వుడే.

ఈ ప్రాజెక్టు చేయించే పీజీ ఎడ్యుకేషన్ కోర్సు ఆన్‌లైన్‌ల చేస్తే విలువుంటదా ఉండదా అని టీచర్లల్ల ఒకటే లొల్లి నడుస్తున్నది గదా. ఉత్త లొల్లి అది. యాక్షన్ రీసెర్చ్ వరకైతే ఆన్‌లైనే నయం! రెగ్యులర్‌ల చదివే పిల్లకు సొంత క్లాసు ఉండదు, ఎవరి బడికో పోయి నాలుగు వారాలు క్లాసు ఇయ్యుండ్రని అడుక్కోవాలె. ఆన్‌లైన్‌ల చదివే మేడం పొద్దంత పరకాల దిక్కు బడిల పాఠం చెప్పి, రాత్రి ల్యాప్‌టాప్ ముంగట కూసుంటరు. రేపు పొద్దుగాల మళ్ల అదే పిల్లలు. ఇంతకన్న ఏం కావాలె?

మరి చెడేది ఏడ? నా థియరీ చెప్త, తిట్టుకునేటోళ్లు తిట్టుకోండ్రి. ఐదు చాప్టర్లు! 1946ల కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు యాక్షన్ రీసెర్చ్ గురించి చెప్పిందేంది? ప్లాన్ చెయ్, చేసి చూడు, ఏమైందో లెక్క తీయ్, మళ్ల ప్లాన్ మార్చు. 1953ల స్టీఫెన్ కోరీ అనే అమెరికా ఎడ్యుకేషన్ ప్రొఫెసర్ ఇది టీచర్లే చేసుకోవాలె అన్నడు. మనోళ్లు దాన్ని తీస్కపోయి థీసిస్ డబ్బాల కుక్కిండ్రు. పరిచయం, పాత పరిశోధనలు, పద్ధతి, విశ్లేషణ, ముగింపు. ఇండ్ల రెండో రౌండ్‌కు చాప్టర్ ఏది? లేదు. రెండో రౌండ్‌కు జాగ లేనప్పుడు మొదటి రౌండ్ ఫెయిలైందని ఏ టీచర్ రాస్తడు? అబద్ధం టీచర్ ఆడుతలేడు, ఫార్మాట్ ఆడిస్తున్నది.

నాలుగో తరగతి తీసివేతలు తీస్కోండ్రి. 52ల నుంచి 27 తీసెయ్యమంటే పిల్లగాడు 35 అని రాస్తడు. పెద్ద అంకెల నుంచి చిన్న అంకె తీసేసిండు, అంతే. సోయి లేక కాదు, వాని లెక్కకు ఒక పద్ధతి ఉన్నది. అందుకే ప్రీ టెస్ట్‌ల, అంటే కొత్త తీరు షురూ చేసే ముందు పెట్టే పరీక్షల, పది లెక్కలు పెట్టుండ్రి: నాలుగు మామూలువి, నాలుగు పది తెచ్చుకునేవి, రెండు నడుమ సున్న ఉన్నవి. రైటు, తప్పు అని టిక్కులు కొట్టి ఊకోవద్దు. వాడు ఏ జవాబు రాసిండో ఆ జవాబే రాసుకోవాలె.

ఇగ నేర్పనీకి చీపురు పుల్లలు. పదిపది కట్టి రబ్బర్ బ్యాండ్ ఏసి, రోజుకు 20 నిమిషాలు, రెండు వారాలు. నేర్పినంక పెట్టే పోస్ట్ టెస్ట్‌ల 52, 27 లెక్క దుమ్ము లేపుతరు. కని 402ల నుంచి 158 తీసెయ్యమంటే 344 వస్తది. రావాల్సింది 244. సున్నను తొమ్మిది చేస్తరు, వందల నుంచి ఒకటి తగ్గించుడు మర్చిపోతరు. గిదే దొరికిన బంగారం! రెండో రౌండ్ ఈడ షురూ కావాలె: వంద కట్ట విప్పి పది పదుల కట్టలు చెయ్యాలె, అండ్ల ఒకటి విప్పి ఒకట్లు చెయ్యాలె, చేసిన ప్రతి పని పక్కనే నోట్‌బుక్కుల గీసుకోవాలె. రిపోర్టుల మాత్రం ఏముంటది? "పిల్లలు గణనీయమైన ప్రగతి సాధించారు." ఏం గణనీయం సారూ, సున్న ఉన్న లెక్కల సంగతే రిపోర్టుల రాయకుంట దాచిండ్రు గదా!

ఇంకో మోసం చూడుండ్రి. ప్రీ టెస్ట్ పేపరే మళ్ల పోస్ట్ టెస్ట్‌కు ఇస్తరు. పిల్లలకు జవాబులు యాదికుంటయి. అంకెలు మార్చాలె, నెల తర్వాత ఇంకోసారి పెట్టాలె. పత్తి ఏరే రోజులల్ల, ములుగు దిక్కైతే మేడారం జాతర వారంల, హాజరు పడిపోతది. పోస్ట్ టెస్ట్ నాడు రాని పిల్లలను లెక్కల నుంచి తీసేస్తరు. రానోళ్లల్ల ఎనకబడ్డ పిల్లలే ఎక్కువుంటే సగటు దానంతటదే లేస్తది! దాని మీద టీ టెస్ట్ (రెండు సగటుల నడుమ తేడా ఉత్తగనే వచ్చిందా కాదా అని చూసే లెక్క) పెట్టి, "0.05 స్థాయి వద్ద సార్థకం", అంటే తేడా ఉత్తగ వచ్చింది కాదు, అని రాస్తరు. పోల్చనీకి ఇంకో గ్రూప్ లేదు, రోజూ మామూలు పాఠం కూడ నడిచింది. మార్పు పుల్లలతోనే వచ్చిందని ఆ టీ టెస్ట్ ఎట్ల చెప్తది?

రిఫ్లెక్షన్, అంటే చేసిన పనిని మళ్ల తలుసుకొని రాసుడు, దాని సంగతి అడగకుండ్రి. డెడ్‌లైన్ రాత్రి 11:59, ఆన్‌లైన్‌ల రాసి పెట్టేది 11:50కి. "ఈ కోర్సు నన్ను మంచి టీచర్‌ని చేసింది." దోస్తు కింద "చాలా బాగా రాశారు". అయిపాయె! రిఫ్లెక్షన్ అంటే ఆనాడే ఐదు లైన్లు: ఏం అనుకున్న, ఏం అయింది, పిల్లగాడు ఏమన్నడు, ఏడ ఆశ్చర్యపోయిన, రేపు ఏం మారుస్త. ఆన్‌లైన్‌ల అసలు లాభం ఇంకోటి. మీతోటి చదివే ఆదిలాబాద్ టీచర్ మీ డైరీ చదివి ఒక్కటే అడుగుతడు: "కట్ట ఎవరు విప్పిండ్రు? మీరా, పిల్లగాడా?" మీ బడి స్టాఫ్‌రూంల అది ఎవ్వలడగరు. మీరే విప్పిండ్రని తేలితే రెండో రౌండ్ ప్లాన్ మొత్తం మారుతది.

వైవాకు, అంటే ప్రాజెక్టు మీద నోటి ప్రశ్నలడగనీకి, వచ్చే సార్లకు ఒకటే మాట. గ్రాఫ్ పక్కన పెట్టి, నేర్చుకోని ఇద్దరు పిల్లల జవాబు పేపర్లు సూపెట్టమనుండ్రి, పేర్లు కొట్టేసి. ఆ పేపర్లు చూసినంక సోమవారం నాడు ఏం మార్చినవని అడుగుండ్రి. జిరాక్స్ సెంటరోని దగ్గర ఆ రెండు పేపర్లు దొరకయి. రెండో రౌండ్ చేసినోళ్లు ఎవరన్న ఉంటే కింద రాయుండ్రి. కాలేజీ పేరు వద్దు, ఏం మార్చిండ్రో రాయుండ్రి చాలు.